సీఎన్‌ఏనా, పీసీటీనా: కోర్సు ఫీజు కట్టే ముందు చదవండి

డాలస్ వైపు కొత్తగా ఈఏడీ (పని చేసుకోవడానికి అనుమతి కార్డు) చేతికొచ్చిన మన ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అక్కా, సీఎన్‌ఏ కోర్సు కొద్ది వారాల్లో అయిపోతుందట, పీసీటీకి నెలలు పడుతుందట. దేంట్లో చేరమంటారు?" అసలు ఆ రెండూ పక్కపక్కన పెట్టి బేరీజు వేసుకునేవి కావు. సీఎన్‌ఏ, అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్, రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్. పీసీటీ, అంటే పేషెంట్ కేర్ టెక్నీషియన్, హాస్పిటల్ ఇచ్చే ఉద్యోగం పేరు. డ్రైవింగ్ లైసెన్సుకీ డ్రైవర్ ఉద్యోగానికీ ఉన్న తేడా లాంటిది ఇది.

తెనాలిలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పుకుంటూ ఉన్నదాన్ని నేను. ఇక్కడికొచ్చాక మొదట నర్సింగ్ హోమ్‌లో సీఎన్‌ఏగా చేశాను, ఇప్పుడు ఒక హాస్పిటల్‌లో, పేషెంట్ల గుండె లయను ఎప్పుడూ మానిటర్ మీద గమనించే టెలిమెట్రీ ఫ్లోర్‌లో పీసీటీగా చేస్తున్నాను. నా సలహా ముందే చెప్పేస్తున్నా: సీఎన్‌ఏ తెచ్చుకోండి, ఉద్యోగంలో చేరండి, రక్తం తీయడం, ఈకేజీ (మనం ఈసీజీ అనేది) తీయడం లాంటివి హాస్పిటల్ జీతమిచ్చి నేర్పేలా చూసుకోండి. "ఆల్ ఇన్ వన్ పీసీటీ ప్యాకేజీ" అని వేల డాలర్లు అడిగే ఇన్‌స్టిట్యూట్‌లో ముందే డబ్బు పోయకండి.

ముందు వీసా సంగతి

హెచ్4 (హెచ్1 మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉంటే క్లాసులకు వెళ్లి చదువుకోవచ్చు, జీతం తీసుకోవాలంటే మాత్రం ఈఏడీ ఉండాల్సిందే. 2015 నుంచి హెచ్4 వాళ్లకు ఈఏడీ ఇస్తున్నారు, అదీ భర్తకో భార్యకో ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయి ఉంటేనో, హెచ్1 ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉంటేనో. కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల ఎల్2 స్పౌజ్‌లకు 2021 నవంబర్ నుంచి విడిగా ఈఏడీ కార్డు అక్కర్లేదు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే చాలు. ఎఫ్1 మీద చదువుకునే పిల్లలు వీకెండ్‌లో నర్సింగ్ హోమ్ డ్యూటీ చేసుకోవచ్చా అని అడుగుతుంటారు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు, సీఎన్‌ఏ అయినా సరే, పెట్రోల్ బంక్ అయినా సరే.

"మా అమ్మని చూసుకోండి, క్యాష్ ఇస్తాం" అనే ఫోన్లు మన వాళ్ల మధ్య బాగానే తిరుగుతుంటాయి. పర్మిట్ లేకపోతే ఆ జోలికి పోకండి. గ్రీన్ కార్డు ఫైల్ చేసేటప్పుడు ఆ క్యాష్ విలువ తెలిసొస్తుంది.

ఇంకో చిన్న మెలిక ఉంది. రాష్ట్ర పరీక్షకు అప్లై చేసేటప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబర్ అడిగే రాష్ట్రాలు ఉన్నాయి. ఈఏడీ లేని హెచ్4కి ఆ నంబర్ ఉండదు. కోర్సులో చేరకముందే మీ రాష్ట్రం నర్స్ ఎయిడ్ రిజిస్ట్రీకి, అంటే సీఎన్‌ఏల పేర్లు నమోదు చేసే చోటికి, ఫోన్ చేసి అడగండి.

సీఎన్‌ఏ అంటే చట్టం చెప్పిన పని

మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారి చిన్న హాస్పిటల్. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే లేవలేని పెద్దవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే చోటు. ఒకప్పుడు వాటిల్లో పెద్దవాళ్లను చూసుకునే తీరు మీద దేశమంతా గోల జరిగి, 1987లో ఫెడరల్ చట్టం వచ్చింది. నర్స్ ఎయిడ్‌కి కనీసం 75 గంటల శిక్షణ, అందులో 16 గంటలైనా పర్యవేక్షణలో చేతులతో చేసే ప్రాక్టీసు, ఆపైన పరీక్ష, రాష్ట్ర రిజిస్ట్రీలో పేరు. ఇవన్నీ ఆ చట్టం పెట్టినవే. చాలా రాష్ట్రాలు దాని మీద ఇంకొంచెం కలిపాయి. మా టెక్సస్‌లో 100 గంటలు, క్లాసు 60, క్లినికల్ 40. న్యూజెర్సీలో 90. కాలిఫోర్నియాలో 160.

పరీక్ష రెండు భాగాలు. రాసేది పెద్ద కష్టం కాదు. మన వాళ్లు తడబడేది స్కిల్స్ టెస్టులో. పని రాక కాదు, పని చుట్టూ ఉండే చిన్న చిన్న అలవాట్లు మరిచిపోయి. తలుపు తట్టారా, పేరు చెప్పుకున్నారా, చేతులు కడుక్కున్నారా, కర్టెన్ లాగారా, అన్నీ అయ్యాక మంచం కిందికి దించారా, కాల్ లైట్ (మనల్ని పిలిచే బటన్) పేషెంటు చేతికి అందేలా పెట్టారా. ఇవన్నీ ఎగ్జామినర్ చేతిలోని కాగితం మీద ఉంటాయి. ఇంట్లో పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టి, ప్రతి స్టెప్పూ పైకి చెప్పుకుంటూ ప్రాక్టీసు చేయండి. తప్పినా కనీసం మూడుసార్లు రాసే అవకాశం ఇవ్వాలని ఫెడరల్ రూలే ఉంది, టెన్షన్ పడకండి.

ఇక పని. పక్షవాతం వచ్చి కుడివైపు బలం లేని పెద్దాయనను పొద్దున్నే లేపి కుర్చీలో కూర్చోబెట్టాలనుకోండి. చొక్కా వేసేటప్పుడు బలం లేని చెయ్యి ముందు, తీసేటప్పుడు బలమున్న చెయ్యి ముందు. తిరగేసి చేస్తే ఆ పట్టు లేని భుజం మెలిపడుతుంది. వీల్‌చెయిర్ ఆయన బలమున్న పక్కన, అంటే ఎడమవైపు పెట్టాలి, బ్రేకులు వేయాలి, ఫుట్‌రెస్టులు పక్కకు తిప్పాలి, కాళ్లకు జారని చెప్పులు తొడగాలి. నడుముకు గెయిట్ బెల్టు (పట్టుకుని లేపడానికి కట్టే పట్టీ) కట్టి, ఒకటి రెండు మూడు అని ఇద్దరూ కలిసి లెక్కపెట్టుకుని లేవాలి. చంకల కింద చేతులు పెట్టి లాగడం మన ఇళ్లలో అలవాటే, ఇక్కడ అది నేరం కింద లెక్క. ఆయన భుజమూ పోతుంది, మీ నడుమూ పోతుంది.

ఇలా పగటి షిఫ్టులో పది మందిని లేపి, స్నానాలు చేయించి, తినిపించి, డైపర్లు మార్చి, మంచం దిగలేని వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, ఎవరు ఎంత తిన్నారో ఎంత తాగారో రాసి పెట్టాలి. రాత్రి షిఫ్టులో ఒక్కొక్కరికి ఇంకా ఎక్కువ మంది పడతారు. సూదుల పని ఉండదు, మందులు ఇవ్వడం ఉండదు. మందులు ఇచ్చే మెడికేషన్ ఎయిడ్ సర్టిఫికెట్ వేరే, అది మళ్లీ ఇంకో శిక్షణ.

ఈ పని గురించి ఊరికి ఫోన్ చేసి చెబితే "ఎమ్మెస్సీ చదివి అమెరికా పోయి ఆయా పని చేస్తున్నావా" అన్నారు మా పిన్ని. మన దగ్గర హాస్పిటల్‌లో ఈ పనంతా పేషెంటు తాలూకు అటెండెంటు చేస్తారు కాబట్టి మనకది ఉద్యోగంలా కనిపించదు. ఇక్కడ మంచం పక్కన చాప వేసుకుని పడుకునే అటెండెంటు ఉండరు, ఆ పని ఎవరో ఒకరికి చేతకావాలి. పిన్నికి ఇదంతా చెప్పలేదులెండి, పే స్టబ్ (జీతం స్లిప్పు) ఫొటో పంపాను.

పీసీటీ అంటే హాస్పిటల్ చెప్పిన పని

పీసీటీకి దేశమంతటికీ కలిపి ఒక చట్టం లేదు, చాలా రాష్ట్రాల్లో లైసెన్సూ లేదు. ఆ రాష్ట్ర నర్సింగ్ చట్టం ఒప్పుకున్నంత వరకు, హాస్పిటల్ పాలసీలో రాసుకున్నంత వరకు, ఆ రోజు మీ నర్సు అప్పజెప్పినంత వరకు. అంతే మీ పని. అందుకే ఒక హాస్పిటల్ పీసీటీ రోజంతా రక్తం తీస్తుంటే, ఇంకో హాస్పిటల్ పీసీటీకి సూది ముట్టుకునే పనే ఉండదు, అక్కడ రక్తం తీసే ఫ్లెబాటమీ టీమ్ విడిగా ఉంటుంది. పేర్లు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి: పీసీటీ, పీసీఏ, నర్స్ టెక్. కాలిఫోర్నియా, నెవాడా, లూసియానా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో రక్తం తీయాలంటే రాష్ట్రం అనుమతి విడిగా కావాలి, పీసీటీ అని బ్యాడ్జి ఉంటే సరిపోదు.

పీసీటీ అయితే స్నానాలు, బెడ్‌పాన్లు తప్పిపోతాయని అనుకునేవాళ్లున్నారు. తప్పవు. సీఎన్‌ఏ పనంతా అలాగే ఉంటుంది, దాని మీద టెక్నికల్ పని కలుస్తుంది. పన్నెండు గంటల షిఫ్టు, వారానికి మూడు రోజులు. మా ఫ్లోర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి లాబ్ పని మొదలవుతుంది, డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చేసరికి రిపోర్టులు సిద్ధంగా ఉండాలి మరి. చీకట్లో పేషెంటును లేపి పేరు, పుట్టిన తేదీ ఆయన నోటితోనే చెప్పించి, చేతి బ్యాండ్‌తో సరిచూడాలి. "మీరు ఫలానా కదా" అని అడగకూడదు, నిద్రమత్తులో ఎవరైనా ఊ అంటారు. ఐవీ ఎక్కుతున్న చెయ్యి వద్దు, డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి అసలే వద్దు. టూర్నికే (చేతికి బిగించే పట్టీ) కట్టాక నిమిషం లోపు విప్పేయాలి. ట్యూబులకు వరస ఉంది: బ్లడ్ కల్చర్ సీసాలు ముందు, తర్వాత లేత నీలం మూత, ఆపైన ఎరుపు లేదా బంగారు రంగు, ఆకుపచ్చ, లావెండర్, చివర బూడిద రంగు. వరస తప్పితే ఒక ట్యూబులోని మందు ఇంకో ట్యూబులోకి అంటుకుని రిజల్ట్ తప్పొస్తుంది. లావెండర్ ట్యూబులో ఉండే మందులో పొటాషియం ఉంటుంది, అది గనక ముందు తీస్తే తర్వాతి ట్యూబులో పేషెంటుకు లేని పొటాషియం కనబడుతుంది. లేబుల్ అక్కడే, మంచం పక్కనే అంటించాలి, బయటికొచ్చి కాదు.

ఈకేజీ అంటే పన్నెండు లీడ్లు, అంటించేవి పది స్టిక్కర్లు. ఛాతీ మీద మొదటిది రొమ్ము ఎముకకు కుడిపక్కన నాలుగో పక్కటెముకల సందులో పెట్టాలి, రెండోది దానికి సరిగ్గా ఎడమపక్కన. ఆ సందు చూపుతో అంచనా వేయకుండా వేలితో లెక్కపెట్టుకుంటూ దిగాలి. ఆడవాళ్లకైతే ఏం చేయబోతున్నామో ముందే చెప్పి, అవసరమైనంత వరకే దుప్పటి తీయాలి. ఇవి కాక వేలి నుంచి షుగర్ చూడటం, బ్లాడర్ స్కాన్, టెలిమెట్రీ బాక్స్ మార్చడం, కంగారుగా ఉన్న పేషెంటు దగ్గర సిట్టర్‌గా, అంటే కనిపెట్టుకుని, కూర్చోవడం.

చేయకూడనివి రెండు ఉద్యోగాల్లోనూ దాదాపు ఒకటే. పేషెంటును అసెస్ చేయడం, అంటే పరిస్థితి ఏంటో తేల్చడం, మన పని కాదు. బీపీ పై నంబరు 82 వస్తే ఎందుకు వచ్చిందో ఆలోచించడం మానేసి వెంటనే నర్సును పిలవండి. లాబ్ రిజల్టు కనిపించినా ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. మన తెలుగు పెద్దవాళ్లు ఫ్లోర్‌లో చేరితే నర్సులు "నువ్వు వచ్చి చెప్పవా" అని అడుగుతారు. నీళ్లు కావాలా, నొప్పి ఎక్కడ అని అడగడం వరకు సంతోషంగా చేస్తాను. ఆపరేషన్ సంతకాలు, మందుల వివరాలు మాత్రం వీడియోలో వచ్చే ఇంటర్‌ప్రెటర్‌తోనే జరగాలి. "మన అమ్మాయి ఉండగా ఆ టీవీలో ఆవిడెందుకు" అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, అయినా గీత దాటకండి.

డయాలసిస్ పీసీటీ సంగతి వేరు

జాబ్ సైట్‌లో పీసీటీ అని కొడితే సగం ప్రకటనలు డయాలసిస్ సెంటర్లవే వస్తుంటాయి. పేరు ఒకటే, పని వేరు. అక్కడ మెషిన్ సిద్ధం చేయడం, ఫిస్టులాలో సూదులు పెట్టడం, మూడు నాలుగు గంటలపాటు బీపీ చూస్తూ ఉండటం. సీఎన్‌ఏ లేకపోయినా తీసుకుని వాళ్లే శిక్షణ ఇస్తారు, హైస్కూల్ సర్టిఫికెట్ మాత్రం ఉండాలి. చేరిన 18 నెలల్లోపు డయాలసిస్ టెక్నీషియన్‌గా సర్టిఫై అవ్వాలని ఫెడరల్ రూల్. తెల్లవారుజామునే మొదలయ్యే షిఫ్టులు మీ ఇంటికి కుదిరితే మంచి దారే. ఫ్లోర్ నర్సింగ్ నేర్చుకుందామని చేరితే మాత్రం అక్కడ అది దొరకదు.

డబ్బు లెక్క

నర్సింగ్ హోమ్‌లో చేరుతూనో, ఆఫర్ చేతిలో ఉండగానో సీఎన్‌ఏ శిక్షణ తీసుకుంటే మీ దగ్గర ఫీజు వసూలు చేయకూడదు. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమాలు తీసుకునే నర్సింగ్ హోమ్‌లన్నిటికీ ఇది ఫెడరల్ రూల్. సొంత డబ్బుతో చదివి 12 నెలల్లోపు అలాంటి చోట చేరినా, పని చేస్తున్న కాలాన్ని బట్టి ఆ ఖర్చు తిరిగి ఇప్పించే ఏర్పాటు రాష్ట్రం చేయాలి. ఈ సంగతి ఇన్‌స్టిట్యూట్‌ వాళ్లు చెప్పరు, మీరే అడగాలి. రసీదులు దాచుకోండి.

ప్రైవేటు పీసీటీ కోర్సు వాళ్లు ఫోన్ చేస్తే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది పూర్తయ్యాక నేను రాష్ట్ర సీఎన్‌ఏ పరీక్షకు కూర్చోవచ్చా?" నేరుగా అవును అనకుండా "అంతకంటే పెద్ద సర్టిఫికెట్ వస్తుంది మేడమ్" అంటే ఫోన్ పెట్టేయండి. వాళ్లు చెప్పే పెద్ద సర్టిఫికెట్ సాధారణంగా ఎన్‌హెచ్‌ఏ అనే సంస్థ ఇచ్చే సీపీసీటీ/ఏ అనే పీసీటీ సర్టిఫికెట్. అది చెడ్డదేం కాదు. దానికి హైస్కూల్ చదువు ఉండి, శిక్షణ అయినా అయి ఉండాలి, లేదా ఆ పనిలో ఏడాది అనుభవమైనా ఉండాలి. ఆ "లేదా" దగ్గరే మన డబ్బు మిగులుతుంది. ఏడాది ఉద్యోగం చేసి, ఆ అనుభవంతో పరీక్ష రాసుకోవచ్చు. రెండేళ్లకోసారి రెన్యూ చేయాలి.

జీతం దగ్గర పెద్ద ఆశలు పెట్టుకోకండి. లేబర్ డిపార్ట్‌మెంట్ లెక్కల్లో 2024 మేలో నర్సింగ్ అసిస్టెంట్ల మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 39,500 డాలర్లు. హాస్పిటల్ పీసీటీకి గంటకు కొంచెం ఎక్కువే వస్తుంది, రాత్రి, వీకెండ్ షిఫ్టులకు పైన కలుస్తుంది. నా దృష్టిలో అసలు లాభం వేరు: చాలా హాస్పిటళ్లు నర్సింగ్ చదువుకు ఫీజు సాయం చేస్తాయి. ఇండియాలో బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం చేసి ఎన్‌క్లెక్స్ (ఇక్కడి నర్సు లైసెన్సు పరీక్ష) కోసం కాగితాలు నడిపిస్తున్న అమ్మాయిలకు కూడా నర్సింగ్ హోమ్ కన్నా హాస్పిటల్ ఫ్లోరే మంచిది. ఇక్కడి చార్టింగ్, మందుల పేర్లు, డాక్టర్లతో మాట్లాడే తీరు చెవిన పడతాయి.

అందరూ హాస్పిటల్‌కే పరిగెత్తాలని కాదు. ఒకే మనిషిని నెలల తరబడి చూసుకోవడం, ఆవిడ కాఫీలో ఎంత చక్కెరో కూడా తెలిసి ఉండటం కొందరికి నచ్చుతుంది. వాళ్లకు హాస్పిటల్‌లో మూడు రోజులకో కొత్త ముఖం విసుగు పుట్టిస్తుంది. పైగా నర్సింగ్ హోమ్‌లో ఎనిమిది గంటల షిఫ్టు దొరుకుతుంది, బడి పిల్లలున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

కాగితాలు, ఇంటర్వ్యూ

రెండు ఉద్యోగాలకూ బ్యాక్‌గ్రౌండ్ చెక్, టీబీ పరీక్ష, టీకాల వివరాలు, సీపీఆర్ కార్డు అడుగుతారు. సీపీఆర్ కార్డుకు బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కోర్సు చేయండి, పూర్తిగా ఆన్‌లైన్‌లో ఇచ్చే చవక కార్డులు హాస్పిటళ్లు ఒప్పుకోవు. టీబీ దగ్గర మన వాళ్లకొక ఇబ్బంది ఉంది. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే టెస్టు ఉత్తినే పాజిటివ్ చూపించవచ్చు. అప్పుడు ఎక్స్‌రే అంటారు, ఇంకేదో అంటారు, చేరడం వాయిదా పడుతుంది. బీసీజీ వేయించుకున్నామని చెప్పి క్వాంటిఫెరాన్ లాంటి రక్తపరీక్ష అడగండి. టీకాల కార్డు ఊళ్లో ఎక్కడో పోయి ఉంటే వెతికించకండి, మీజిల్స్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బీకి టైటర్ పరీక్ష (రోగనిరోధక శక్తి ఉందో లేదో రక్తంలో చూసేది) చేయించుకుంటే సరిపోతుంది.

సీఎన్‌ఏ వచ్చాక నర్సింగ్ హోమ్‌లోనో రిహాబ్‌లోనో ఆరు నెలలు, ఏడాది చేసి హాస్పిటల్‌కి అప్లై చేయండి. ప్రకటనలో ఉద్యోగం పేరు వదిలేసి కింద "కావలసిన అర్హతలు", "చేయవలసిన పనులు" చదవండి. పేరు పీసీటీ అని ఉండి కింద అంతా సీఎన్‌ఏ పనే ఉంటుంది ఒక్కోసారి. ఫ్లెబాటమీ "ఉంటే మంచిది" అని ఉంటే ధైర్యంగా అప్లై చేయండి, "తప్పనిసరి" అని ఉంటే దాన్ని వదిలి ఇంకోటి చూడండి.

హాస్పిటల్‌లో చేరాక సీఎన్‌ఏని మాత్రం గాలికొదలకండి. 24 నెలలు వరసగా జీతానికి ఆ పని చేయకపోతే మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష. పీసీటీగా చేసిన కాలాన్ని రెన్యువల్‌కు ఎలా చూపించాలో మీ రిజిస్ట్రీని ముందే అడిగి పెట్టుకోండి. హెచ్1 ఇళ్లలో ప్రాజెక్టు మారిందంటే రాష్ట్రం మారడమే కదా. సర్టిఫికెట్ బతికి ఉంటే కొత్త రాష్ట్రం రిజిస్ట్రీకి మార్పించుకోవచ్చు, గడువు తీరిపోతే మొదటికొస్తుంది.

ఇంటర్వ్యూలో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అనగానే "నథింగ్, థాంక్యూ" అనకండి, మొహమాటం మనల్నే ముంచుతుంది. ఒక్కో టెక్‌కి ఎంతమంది పేషెంట్లు, రక్తం మీ టెక్‌లు తీస్తారా లాబ్ వాళ్లు తీస్తారా, నేర్పుతారా, ఓరియెంటేషన్ ఎన్ని వారాలు, నన్ను వేరే ఫ్లోర్‌కి ఎంత తరచుగా పంపుతారు, సిట్టర్ డ్యూటీ ఎన్నిసార్లు పడుతుంది. ఇవన్నీ అడగండి. పేషెంట్ల సంఖ్య అడిగినప్పుడు మేనేజర్ "అది రోజును బట్టి ఉంటుంది" అని తప్పించుకుంటే, ఒక గంట ఫ్లోర్‌లో షాడో చేయనిస్తారా (ఒకరి వెంట ఉండి పని చూడనిస్తారా) అని అడగండి. ఆ గంటలో కాల్ లైట్లు ఎంతసేపు వెలుగుతూ ఉంటున్నాయో గమనించి, ఆఫర్ మీద సంతకం సంగతి ఇంటికొచ్చి తేల్చుకోండి.